నాయిన గొంతు వినేదాకా

జానీ చాచా పోయిండని వాళ్ల కోడలు ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో ఆఫీసు మెట్లు దిగుతున్నాను. దొరికిన బస్సెక్కి భద్రాచలం పోయాను గానీ నేను చేరేసరికి మట్టి చెయ్యడం అయిపోయింది. ఇంట్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. చాచీ నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరో కొత్తవాళ్లు నేనెవరని అడిగితే, "గీ పిల్లనే. ఆయన ఇన్నేండ్లు బతికిండంటే ఈమె చేతుల మీదనే" అన్నది. అందరూ నా చేతులు చూశారు. నేను కొంగులో దాచుకున్నాను. ఈ మాట చాచీ నోట ఇదివరకూ విన్నాను. విన్నప్పుడల్లా ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆ రోజు నేను చెయ్యి కదిపి చేసిందేమీ లేదు, కదపకుండా కూర్చోవడం తప్ప. దాని వల్ల మా నాయిన ఎంత నలిగిపోయాడో చాచీకి తెలియదు. తెలిసిన ముగ్గురిలో అమ్మ పోయింది, నాయిన పోయాడు. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాసి పెడుతున్నాను.

మా నాయిన దానియేలు కరెంటు లైన్‌మెన్. దుమ్ముగూడెం దిక్కు, గోదావరికి కాస్త ఎడంగా, అడవి మొదలయ్యే చోట ఒక సబ్‌స్టేషన్ ఉండేది. దాని గోడ పక్కనే మా రెండు గదుల క్వార్టర్. రాత్రీ పగలూ ట్రాన్స్‌ఫార్మర్ల గుయ్యిమనే మోత ఇంట్లోకి వినిపించేది. చుట్టాలు వస్తే ఆ మోతకు నిద్రపట్టదనేవాళ్లు. మాకు అది ఆగితేనే మెలకువ వచ్చేది. ఇంటికి ఒక వాసన ఉండేది, ఇప్పుడు ఎక్కడా దొరకదు. అమ్మ పొయ్యి మీద కాల్చే ఎండుచేపలు, నాయిన చొక్కాకు అంటిన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు, వాన పడితే పెరట్లో నుంచి వచ్చే గోదారి మట్టి, ఎండాకాలం మొదట్లో అడవి వైపు నుంచి ఇప్పపువ్వు. ఇవన్నీ కలిసిన వాసన. సారపాక పోయొచ్చిన రోజు నాయిన బట్టలకు కాగితాల మిల్లు పుల్లవాసన కూడా చేరేది. అమ్మ ముక్కు మూసుకుని వాటిని బయటే నానబెట్టేది.

వంటింటి కిటికీకి నాయిన రబ్బరు గ్లౌజులు వేలాడుతుండేవి. పొద్దున ప్రార్థన అయినాక అమ్మ చేసే మొదటి పని వాటిని చూడటం. ఒక్కొక్క గ్లౌజు అంచును గట్టిగా చుట్టుకుంటూ వచ్చి, లోపలి గాలిని వేళ్లలోకి నొక్కి, ఉబ్బిన ఆ చేతిని తన చెంపకు ఆనించి కళ్లు మూసుకునేది. సూదిమొనంత బెజ్జం ఉన్నా చెంపకు గాలి తగులుతుంది. తగలకపోతే లోపల ఇంత పౌడరు చల్లి, "మంచిగనే ఉన్నయ్" అని చెప్పేది. అమ్మ ఆ మాట అననిదే నాయిన వాటిని సంచిలో పెట్టేవాడు కాదు. పెళ్లి ఉంగరం తీసి బైబిల్ పక్కన పెట్టేవాడు. గడియారం మాత్రం జేబులో వేసుకునేవాడు. బనీను లోపల ఇనుప గొలుసు, రాగి కడియం లాంటివి ఉన్నాయేమోనని జానీ చాచాను కూడా ప్రతిరోజూ తడిమి చూసేవాడు. చాచా చేతులు పైకెత్తి నిలబడి, "బిందెల నీళ్లున్నయా అని చూసినట్టు చూస్తడు వదినా మీ ఆయన" అని అమ్మతో అనేవాడు.

జానీ చాచాది భద్రాచలంలో మోటార్లకు వైండింగ్ చేసే కుటుంబం. ఆ దుకాణంలో కూర్చోలేక లైన్ మీదికి వచ్చాడు. మనిషి సన్నగా, తేలిగ్గా ఉండేవాడు, స్తంభం ఎక్కుతుంటే అలుపు కనిపించేది కాదు. నాయిన బరువైన మనిషి, మాట తక్కువ. ఇద్దరూ జోడీ. స్తంభం కింద చాచా బిస్మిల్లా అనుకునేవాడు, నాయిన పెదాలు కదిలేవి. తర్వాత ఇద్దరూ కలిసి రాడ్లు వేసేవాళ్లు. పొడుగాటి కర్ర చివర కొక్కెం, కొక్కేనికి తీగ, ఆ తీగ రెండో కొస భూమిలో దిగ్గొట్టిన ఇనుప మేకుకు. ఆపిన లైన్‌కు ఆ కొక్కెం తగిలిస్తే తీగల్లో మిగిలిన కరెంటేదైనా ఉంటే భూమిలోకి పోతుంది. పనిచేసే చోటుకు అటొకటి, ఇటొకటి. మనిషి ఆ రెండింటి నడుమనే ఉండాలి.

ఆపేసిన లైన్‌లో కరెంటు ఎట్లా ఉంటుందని చిన్నప్పుడు అడిగాను. నాయిన అన్నం కలుపుతూ చెప్పాడు. "పక్కింట్ల పులుసు కాగితే మనింట్లకు వాసన రాదా? గట్లనే పక్కన నడిచే లైన్ల కరెంటు మన ఖాళీ తీగకు గూడ తగులుతది. మబ్బుల నుంచి వస్తది. ఊళ్లె ఎవడన్న జనరేటర్ తప్పు కలిపితే ఎనక నుంచి వస్తది. ఆపిన్రు అని ఎవరన్న చెప్తే నమ్ము. కానీ రాడ్డు ఏసినంకనే ముట్టుకో." నాకు తెలిసిన ఎలక్ట్రికల్ పాఠాల్లో అదే మొదటిది. తర్వాత ఐటీఐలో అదే సంగతి బోర్డు మీద బొమ్మలేసి చెప్పారు గానీ పులుసంత బాగా ఎక్కలేదు.

ఐటీఐ అయ్యాక మా సబ్‌స్టేషన్‌లోనే కాంట్రాక్టు మీద ఆపరేటర్ కొలువు దొరికింది. పగటి డ్యూటీ. అక్కడికి ఆడపిల్ల రావడం అదే మొదలు. నాయిన అవునన్లేదు, కాదన్లేదు. మొదటిరోజు నన్ను ప్యానెల్ ముందు నిలబెట్టి ఒక్కటే చెప్పాడు. లైన్ మీద పనిచేసే మనిషి తన గొంతుతో అడిగితేనే లైన్ ఆపి అప్పజెప్పాలి, దాన్నే లైన్ క్లియర్ అంటారు. మళ్లీ అదే మనిషి తన గొంతుతో వాపస్ ఇస్తేనే కరెంటు వదలాలి. "కబురు తెచ్చినోని మాట మీద వదలొద్దు. వాడు దేవదూత అయినా సరే. ఫోన్ లేని తావైతే నేనే నడిచొస్త. వచ్చేదాక తాళం నీ దగ్గరనే ఉండాలె." ఇంట్లో బిడ్డా అని పిలిచే నాయిన ఫోన్లో నన్ను ఆపరేటర్ అనేవాడు. నేనూ తన పేరు, హోదా అడిగి, నంబరిచ్చి, తిరిగి చెప్పించుకునేదాన్ని. అటు నుంచి జానీ చాచా నవ్వడం వినపడేది.

ఆ ఏడు శ్రావణంలో రెండు రోజులు వాన, గాలి. అడవిలో చెట్లు విరిగి లైన్ల మీద పడ్డాయి. టెలిఫోన్ తీగలు కూడా తెగాయి. గుట్ట అవతలి ఊళ్లకు, అక్కడి చిన్న దవాఖానాకు కరెంటు లేదు. నాయిన, చాచా మొదటిరోజంతా ఒక లైన్ సరిచేశారు, ఆ రాత్రి పాఠశాల వరండాలో తడిబట్టలతోనే కాసేపు ఒరిగారట. రెండోరోజు పొద్దున నాయిన సబ్‌స్టేషన్‌కు వచ్చి గుట్ట లైన్ క్లియర్ తీసుకున్నాడు. ఫోన్లు లేవు కాబట్టి ఎదురుగా నిలబడే తీసుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఆ లైన్‌కు కరెంటు తెంపే బ్రేకర్ ఆపి, దానికి తాళం వేసి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, పుస్తకంలో రాసి నంబరు చెప్పాను. నాయిన తిరిగి చెప్పి సంతకం పెట్టాడు. అమ్మ పంపిన జొన్నరొట్టెలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పొద్దు నడినెత్తి దాటాక ఒక మోపెడ్ వచ్చి గేటు దగ్గర ఆగింది. మోకాళ్ల దాకా బురదతో ముత్తయ్య దిగాడు. గుట్ట అవతల ఊళ్లో చిన్న కిరాణం నడిపేవాడు, పోయినప్పుడల్లా నాకు బెల్లంముక్క పెట్టిన మనిషి. లోపలికి వస్తూనే, "లైన్ అయిపోయిందమ్మా, దానియేలన్న చెప్పిండు. జల్దీ కరెంటియ్యి" అన్నాడు. నాయిన వస్తేగానీ ఇవ్వనని చెప్పాను. ఆయనకు నా మాట ఎక్కలేదు. ఆయన బిడ్డకు నెలలు నిండకుండానే తెల్లారుజామున కాన్పయిందట. పాప పిడికిలంత ఉందట. ఒళ్లు చల్లబడుతోందని, కరెంటుతో వేడి పెట్టే పెట్టెలో పెట్టాలని నర్సు అన్నదట. దవాఖానా జనరేటర్ నడవడం లేదు.

"నాయిన మీతోని ఏమన్నడు? ఆయన అన్న మాటనే చెప్పున్రి" అన్నాను.

"పని అయిపోయింది, మేమొస్తున్నమని చెప్పు అన్నడు. నా కండ్లతోని చూసిన. ఇద్దరు కిందికి దిగిన్రు. రాడ్లు గూడ తీసి మూట కట్టిన్రు. ఇంకేం కావాలె నీకు?"

నాకు కావలసింది నాయిన గొంతు. మేమొస్తున్నమని చెప్పు అంటే వచ్చేదాకా ఆగమని అర్థం. లేదా, ముత్తయ్య అనుకున్నట్టు, కరెంటు వదలొచ్చని అర్థం. నాయిన ఆ పాప సంగతి తెలిసి, తొందరలో నియమం పక్కనపెట్టి పంపాడేమో. అట్లా అయితే నేను ఇక్కడ కూర్చుని ఒక పసిపాపను చంపుతున్నట్టు. ముత్తయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. రాడ్లు తీశారంటే పని ముగిసినట్టే. ఐటీఐలో చదివిన ప్రకారం చూసినా అంతే.

"తాళం ఇటియ్యి. నేనే ఏస్త" అని ముత్తయ్య ప్యానెల్ వైపు అడుగేశాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని ఆ చేతిని వీపు వెనక దాచాను. నెట్టేస్తే పడిపోయేదాన్ని. ఆయన నా భుజం దాకా చెయ్యి తెచ్చి ఆపుకున్నాడు.

"నీకు గూడ ఒకనాడు బిడ్డ పుడతది" అన్నాడు. అది శాపమో, బతిమాలడమో ఇప్పటికీ తెలియదు. తర్వాత గోడకు జారగిలబడి, తలపాగ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆయన ముందు కూర్చున్నాను. మా అమ్మ చెల్లెలికి ఏడోనెలలో పుట్టిన కొడుకును మా అమ్మమ్మ రవికె విప్పి ఎదకు కట్టుకుని వారం రోజులు దించకుండా ఉన్న సంగతి గుర్తొచ్చింది. అది చెప్పాను. "పెట్టె కోసం ఆగకున్రి. తల్లి ఎదకు ఆనించి, పైన దుప్పటి కప్పమని చెప్పున్రి. తల్లికి చాతగాకుంటే అమ్మమ్మ కట్టుకోవాలె. మీరు పోయి చెప్పున్రి, ఇక్కడ కూసుంటే ఏం గాదు." ఆయన లేచి మోపెడ్ తిప్పుకుని పోయాడు. వాన మళ్లీ మొదలైంది.

ఆ తర్వాతి సేపు ఎంతో చెప్పలేను. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను గానీ ముళ్లు ఎక్కడున్నాయో మనసుకు అందలేదు. రెండుసార్లు లేచి తాళం దగ్గరికి పోయాను. రెండోసారి తాళంచెవి రంధ్రంలో పెట్టాను కూడా. ఈ సంగతి చాచీకి చెప్పలేదు. తిప్పకుండా ఎందుకు ఆగానంటే ధైర్యం వల్ల కాదు. తిప్పాక నాయిన వస్తే ఆయన మొహం ఎట్లా చూడాలన్న భయం. చెవి బయటికి తీసి, గేటు వైపు తిరిగి నిలబడ్డాను.

నాయిన వానలో ఒక్కడే వచ్చాడు. బూట్లు చేతిలో పట్టుకుని ఉత్తకాళ్లతో నడిచి వచ్చాడు. గడప అవతలే నిలబడి, నీళ్లు కారుతుండగా, పొద్దున నేనిచ్చిన నంబరు చెప్పి, "నేను, దానియేలు, లైన్‌మెన్. మనుషులందరు దిగిన్రు, రాడ్లు తీసినం, లైన్ క్లియర్ వాపస్ ఇస్తున్న" అన్నాడు. సంతకం పెట్టాడు. నేను బోర్డు తీసి, తాళం తీసి, బ్రేకర్ వేశాను. ప్యానెల్ మీద ముల్లు లేచి నిలబడింది. అప్పుడు ముత్తయ్య వచ్చిన సంగతి చెప్పాను. నాయిన ఎప్పుడొచ్చిండని అడిగాడు, నేను చెప్పిన టైము విని జేబులో గడియారం తీసి చూశాడు. చూసి, అట్లాగే గడప మీద కూలబడ్డాడు.

ఏం జరిగిందో సాయంత్రం ఇంట్లో అమ్మ ముందు చెప్పాడు. పని ముగిసి, రాడ్లు తీసి, పాప సంగతి చెప్పి తొందరపెడుతున్న ముత్తయ్యను మేమొస్తున్నమని చెప్పమని పంపారు. నడిచొస్తుంటే ఐదారు స్తంభాల తర్వాత ఒకచోట తీగలు కలిపే ముక్క వదులై గాలికి ఊగుతోంది. జానీ చాచా రెండు నిమిషాల పనన్నాడు. రాడ్లు మళ్లీ విప్పి, మేకు దిగ్గొట్టి, తగిలించాలంటే బురదలో అరగంట. రెండు రోజులుగా నిద్రలేదు. దవాఖానాలో పాప. నాయిన తల ఊపాడు. "రాడ్లు లేకుండ జానీని ఎక్కించిన. నేనే ఎక్కించిన. జల్దీ కానియ్ అన్న. ఉత్త తీగను పట్టుకుని ఆడు పైన ఉన్నప్పుడే ముత్తయ్య ఈడ తాళం అడుగుతున్నడు." రెండు నిమిషాల పని పావుగంటయిందట. అమ్మ కంచం ముందు పెట్టింది. నాయిన ముట్టలేదు.

నేను మెచ్చుకుంటాడనుకున్నాను. ఇరవై రెండేళ్లు నాకు, అట్లా అనుకోవడం తప్పు కాదు. నాయిన నా వైపు చూడకుండా, "రేపటి సంది పోకు. కొలువు మానెయ్" అన్నాడు.

"నేనేం తప్పు చేసిన?"

"నువ్వు చెయ్యలే. నేను చేసిన. నా తప్పుకు జానీ పోతుండె. నీ చెయ్యితోని పోతుండె. ఆ చెయ్యితోని నువ్వు జిందగీ మొత్తం అన్నం తినాలె గదా బిడ్డా."

నేను మానలేదు. తప్పు చేసింది ఆయనైతే నేనెందుకు మానాలని అమ్మతో గట్టిగానే అన్నాను, ఆయనకు వినపడేట్టు. తర్వాత నెల రోజుల దాకా నాయిన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరం ఒకే కుండలో అన్నం తిని, ఒకే గోడకు ఆనుకుని పడుకుని, ఒకరి దారికి ఒకరం అడ్డం తొలగేవాళ్లం. అమ్మ ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేది. పాప బతికింది. కరెంటొచ్చినా పెట్టెలో పెట్టకుండా ముత్తయ్య భార్య మూడు రోజులు ఎదకు కట్టుకుని కూర్చుందట. ఆ పాప బతకకపోయి ఉంటే ఇది రాయగలిగేదాన్ని కాదు. చాచీ చెప్పినంత సులువుగా నా చేతుల గురించి నేను ఎన్నడూ అనుకోలేదు. ముత్తయ్య మళ్లీ దుకాణంలో బెల్లం పెట్టాడు గానీ నా కళ్లలోకి చూడలేదు. ఆయనను తప్పుపట్టను.

ఫోన్లు బాగయ్యాక నాయిన మళ్లీ ఊళ్లలో నుంచి లైన్ క్లియర్ తీసుకోవడం మొదలైంది. ఇంట్లో మాట్లాడని మనుషులం ఫోన్లో మాత్రం ఒక్క అక్షరం వదలకుండా మాట్లాడుకునేవాళ్లం. పేరు, హోదా, లైను, నంబరు. నేను చెప్తే ఆయన తిరిగి చెప్పేవాడు. ఆ నెలలో నాయిన గొంతును నేను ఎంత శ్రద్ధగా విన్నానో అంతకుముందు విన్లేదు, తర్వాతా విన్లేదు. అలిసిపోయాడా, దగ్గు ఉందా, ఎండలో నిలబడి ఉన్నాడా, అన్నీ ఆ నాలుగు ముక్కల్లో తెలిసేవి. ఒకరోజు వాపస్ ఇచ్చేశాడు, నేను సరేనన్నాను, ఆయన ఫోన్ పెట్టలేదు. తీగలో గరగరమనే చప్పుడు వినిపిస్తోంది. లైన్ క్లియర్ ఫోన్లో వేరే మాట ఒక్కటి ఉండకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. కాసేపటికి, "తిన్నవా?" అన్నాడు. తినలేదన్నాను. "తిను. పొద్దుపోయింది" అని పెట్టేశాడు.

నాయిన ఇంకా చాలా ఏళ్లు పనిచేశాడు. రాడ్లు లేకుండా మనిషిని ఎక్కించిన సంగతి తనే పోయి ఇంజనీరు సారుకు చెప్పుకుని మాట పడ్డాడు. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేటప్పుడు ఆ కథ తన పేరుతోనే చెప్పేవాడు. చివరికి షుగరుతో, మంచంలో, ఇంట్లోనే పోయాడు. లైన్‌మెన్‌కు అది మంచి చావే అని జానీ చాచా మా గుమ్మంలో నిలబడి అన్నాడు. నేను పర్మనెంటయ్యి ఖమ్మం వచ్చాను. ఇప్పుడు తొడుక్కోవడానికి మంచి గ్లౌజులు వస్తున్నాయి, లైన్‌లో కరెంటుంటే దూరం నుంచే కూసే పరికరాలు ఉన్నాయి, క్లియర్ ఇచ్చిందీ వాపస్ వచ్చిందీ ఫోన్ తెర మీద అంకెలతో నమోదవుతుంది. అడవిలో కూడా సిగ్నలు దొరుకుతుంది. ఇదంతా మంచికే. ఆనాటి పద్ధతులు మళ్లీ రావాలని కోరుకునే హక్కు నాకు లేదు, వాటి వల్ల మనుషులు పోయారు. కానీ పొద్దున్నే కళ్లు మూసుకుని గ్లౌజును చెంపకు ఆనించుకునే మా అమ్మను, చేతులు పైకెత్తి నవ్వే చాచాను, పేరూ హోదా చెప్పి నన్ను ఆపరేటర్ అని పిలిచే ఆ గొంతును ఒక్కసారి చూడాలని, వినాలని ఉంటుంది. ఎంత ఉంటుందంటే, ఒక్కోసారి పనిమధ్యలో కుర్చీ వెనక్కి జరిపి ఊరికే కూర్చుంటాను.

ఎక్కడైనా లైన్ మీద మనిషి పోయాడన్న వార్త మా ఆఫీసుకు వస్తే అందరూ పోయినవాడి పేరు, ఊరు, పిల్లల సంగతి అడుగుతారు. నేనూ అడుగుతాను. తర్వాత ఆ పూట ఆ లైన్ ప్యానెల్ ముందు డ్యూటీలో ఎవరున్నారో కనుక్కుంటాను. మొన్న మొన్ననే అట్లా ఒక నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అటు నుంచి ఒక ఆడపిల్ల గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. తప్పెవరిదని నేను అడగలేదు. తిన్నవా అని అడిగాను.